పంపు తొక్కింది దేవదూత కాదు

ఆదోనిలో మా సంఘంలో సాక్ష్యాల ఆదివారం వచ్చిందంటే నా కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. నేను ముందు వరుసలోనే కూర్చున్నా సరే. మంచుకొండ మీద జవాను చచ్చిపోతున్నాడట. సిస్టరమ్మ మోకాళ్ళూని, అంతా ప్రభువు చేతిలో పెట్టి, పసిపిల్లలా నిద్రపోయిందట. లేచి చూస్తే ఆమె బదులు దేవదూత పంపు తొక్కుతున్నాడట. జవాను బతికాడట. హల్లెలూయ.

జవాను బతికిన మాట నిజం. నేను నిద్రపోయిన మాటా నిజం. మోకాళ్ళూనలేదు. మూడు ప్యాంట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మోకాళ్ళు వంగవు. ఇక పంపు తొక్కింది దేవదూత కాదు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళ ఇంటి మనిషి, మా పోస్టులో వంటవాడు. ఈ సంగతి పాస్టరుగారికి చాలాసార్లు చెప్పాను. "సారాంశం ఒకటే కదమ్మా" అంటారు. ఒకటి కాదు. అందుకే రాస్తున్నాను.

నేను సైన్యంలో నర్సింగ్ ఆఫీసర్‌గా చేశాను. లద్దాఖ్‌లో ఆ పోస్టుకు జనవరిలో చేరాను. పదిహేను వేల అడుగుల పైన ఉంటుంది. అంత పైకి మామూలుగా నర్సులను పంపరు. అక్కడి కెప్టెన్ డాక్టరుకు తోడున్న వైద్య సహాయకుడు జబ్బుపడి దిగిపోయాడు, బదులు మనిషి దొరకలేదు, నేను పోతానని పై అధికారితో పోట్లాడాను. ఆయన విసిగిపోయి ఒప్పుకున్నాడు.

హెలికాప్టర్ రెక్కలు ఆపకుండానే నన్ను దింపి వెళ్ళిపోయింది. ఒకవైపు రాతిగోడ, ఒకవైపు లోయ. మధ్యలో మంచులో సగం కూరుకుపోయిన నాలుగు ఫైబర్ గుడిసెలు. నడినెత్తిన ఎండ, సున్నాకు పదిహేను డిగ్రీల కింద చలి. అడుగు తీసి అడుగు వేస్తే ఊపిరి అందదు. నా సంచి ఎత్తుకున్న మనిషి మంకీక్యాపు లోపలినుంచి తెలుగులో గొణిగాడు.

"ఏం బరువుందిరా సామీ! బండలేమన్నా మోసుకోనొచ్చిందా ఈయమ్మ?"

"బండలు కాదు, మందులు. మెల్లగా పెట్టుప్పా" అన్నాను.

సంచి జారి మంచులో పడింది. "యా ఊరక్కా మీది?"

"ఆదోని."

"మాది ఎమ్మిగనూరు!"

"అయితే ఇకమీద గొణగొద్దు. నాకన్నీ అర్థమౌతాయి."

పోస్టును వారంలో నా గుప్పిట్లో పెట్టుకున్నాను. మందుల పెట్టె తాళంచెవి నా మెడలో. ఆక్సిజన్ సిలిండర్లను రోజూ నేనే చూడాలి. సాయంత్రం హాజరుకు ముందు అందరూ బూట్లు విప్పి కాలివేళ్ళు నాకు చూపించాలి. మేజోడు తడిగా ఉంటే తిట్లు. మంచు కొరికితే మొదట మంట, తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత ఏమీ తెలియదు. ఏమీ తెలియని దశ వచ్చిందంటే వేళ్ళు పోయినట్టే. అది వాళ్ళచేత పాఠంలా అప్పజెప్పించేదాన్ని.

వంటవాడు కాలు చాపుతూ అనేవాడు. "మాయమ్మ కోడల్ని గూడా ఇంతగనం కనిపెట్టుకోని ఉండదు లేక్కా. మీ దేవుడు గూడా ఏడోదినం రెస్టు తీసుకున్న్యాడంట గదా. నీకు ఆదివారం లేదా?"

"నేను పడుకుంటే మీ వేళ్ళు ఎవరు చూస్తారు?"

"ఆయప్పే సూసుకుంటాడులే" అని వంటగదిలోని నీలకంఠుడి పటం వైపు చెయ్యి చూపించేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. బయట తుఫాను, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. గస్తీ నుంచి తిరిగొచ్చిన ఒక జవానుకు పెదవులు నీలంగా మారాయి. ఛాతీలో నీళ్ళు కుతకుతమంటున్న చప్పుడు. ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దానికి అసలు మందు కిందికి దించడం.

రేడియో ఆపరేటర్ అరుస్తున్నాడు. "బేస్, ఒక రోగి. వెంటనే దించాలి. ఓవర్."

"హెలికాప్టర్ లేవదు. రేపు చూద్దాం. ఓవర్."

"రేపటిదాకా ఆగడని మా డాక్టర్ సాబ్ అంటున్నారు. ఓవర్."

"మీ దగ్గర బ్యాగు ఉందిగా. ఔట్."

బ్యాగంటే మనిషి పట్టే, గాలి చొరని సంచి. రోగిని అందులో పడుకోబెట్టి జిప్పు వేస్తారు. బయటినుంచి కాలితో పంపు తొక్కుతూ గాలి నింపితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మనిషిని కొన్ని వేల అడుగులు కిందికి దించినట్టే. తొక్కడం ఆగకూడదు. ఆగితే వదిలిన ఊపిరినే మళ్ళీ పీలుస్తాడు. పక్కన ఆక్సిజన్ ఉంది గనుక నియమం ప్రకారం కిరోసిన్ పొయ్యి ఆర్పేశాం. గుడిసె లోపల కూడా నీళ్ళు గడ్డకట్టే చలి. మిగతావాళ్ళు గుడిసెల కప్పులు కూలకుండా మంచు తవ్వుతున్నారు. కెప్టెన్ డాక్టరు సంచికున్న చిన్న కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను పంపెక్కాను.

వంటవాడు టీ తెచ్చాడు. "దిగక్కా, నేను తొక్కుతా."

"నీకు తెలీదు. ఒకే వేగంతో తొక్కాలి."

"మగ్గంగుంటలో కూచోని కాలిచెక్కలు తొక్కుతా పెరిగినోన్ని. నాకే తొక్కేది నేర్పిస్తావా?"

పొమ్మన్నాను. మధ్యాహ్నానికి నా పిక్క పట్టేసింది. పంపు తడబడింది. ఒత్తిడి చూపే ముల్లు పడిపోతోంది. కిటికీలో జవాను నోరు తెరిచాడు, చేపలా.

"సిస్టర్, దిగండి. వెళ్ళి పడుకోండి. ఇది ఆర్డర్" అన్నాడు డాక్టరు. వాదించబోయాను. కాలు మడతపడి కూలబడ్డాను. వంటవాడు ఒక్క లయ కూడా తప్పకుండా పంపు మీద కాలు పెట్టాడు.

అంతవరకు నా ప్రార్థనలన్నీ ఆర్డర్లే. ప్రభువా ఇది చెయ్యి, ఇలా చెయ్యి, ఇప్పుడే చెయ్యి. ఆ రోజు నా నోట ఆర్డరు రాలేదు. జవాను పేరు చెప్పి, "ఇతన్ని నీ చేతుల్లో పెట్టాను. నీ ఇష్టం" అన్నాను. మెడలో తాళంచెవి తీసి డాక్టరు చేతికిచ్చాను. కళ్ళు సగం తెరిచి కాపలా కాస్తే అది అప్పగించడం కాదు. మూలకు పోయి నిజంగానే నిద్రపోయాను. అంత నిద్ర మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు.

లేచేసరికి పొద్దు వాలుతోంది. పంపు అదే లయలో పలుకుతోంది. జవాను పెదవులకు రంగు వచ్చింది. డాక్టరు కిటికీ మీంచి కళ్ళు తియ్యకుండా నవ్వుతున్నాడు. ప్రభువుకు వందనాలు చెబుతూ తల తిప్పాను. గోడవార ఒక బూటు ఒంటరిగా నిలబడి ఉంది. మందపాటి మేజోడు మడిచి అందులో పెట్టి ఉంది.

"బూటెందుకు విప్పినావప్పా!" అని అరిచాను.

"మగ్గంగుంటలో బూట్లేసుకోని యారన్నా కూచుంటారా అక్కా? అంత లావు బూటు అట్టకు కింద పంపు తెలీల్యా. తెలీకపోతే తొక్కేదెట్ల?"

పలచటి లోపలి మేజోడు చెమటకు తడిసి, ఇనుప పంపుకు అంటుకుని గడ్డకట్టి ఉంది.

"కాలు తెలుస్తోందా?"

"మొదట మండె. ఇప్పుడేం లేదక్కా. సుకంగా ఉంది."

సుఖంగా ఉందట. పాఠం మరిచిపోయాడు. అప్పజెప్పించాల్సిన నేను నిద్రపోయాను.

మర్నాడు హెలికాప్టర్ ఇద్దరినీ దించింది. జవాను కొన్నాళ్ళకు తన కాళ్ళ మీద ఆసుపత్రి నుంచి నడిచి వెళ్ళాడు. వంటవాడి కుడి పాదం ముందు సగం తీసేశారు.

నా గడువు తీరి ఆదోని స్టేషన్‌లో దిగినప్పుడు సంఘంవాళ్ళు పూలదండతో వచ్చారు. మరుసటి రోజు ఎమ్మిగనూరు బస్సెక్కాను. మగ్గంగుంటలో అతని భార్య కూర్చుని నేస్తోంది. అతను గట్టు మీద కూర్చుని ఆమెకు నూలు కండెలు చుట్టి అందిస్తున్నాడు. నన్ను చూసి ఆ పాదాన్ని నా ముందుకు చాపాడు.

"రాక్కా. హాజరు టైమాయె. ఏళ్ళు సూసుకో."

భార్య మగ్గం ఆపింది. "అక్కా, ఒగటి అడుగుతా. ఆ దినం నువ్వు మేలుకోనుంటే ఈయప్పను బూటు ఇడవనిస్తా ఉంటివా?"

"లేదు."

"మరి?" అంది. మళ్ళీ నేత మొదలుపెట్టింది.

"ఉండుమే" అన్నాడతను. "ఆ జవాను పిల్లోడు ఫోన్ సేసినాడక్కా. కొడుకు పుట్న్యాడంట."

అన్నీ చేతిలోంచి వదిలేస్తే ప్రభువు చూసుకుంటాడని ఇప్పటికీ మా సంఘంలో బోధిస్తారు. నేను కాదనను. ఆర్డర్లు మానేశాను, రోజూ వదిలేస్తూనే ఉన్నాను. కానీ కళ్ళు మూసినప్పుడల్లా గోడవార ఆ బూటు నిలబడి ఉంటుంది, మేజోడు మడత నలగకుండా, మళ్ళీ తొడుక్కుంటాడన్నట్టు.

ప్రభువా, ఆ రోజు నేను జవాను పేరు చెప్పాను. వంటవాడి పేరు చెప్పలేదు. చెప్పకపోతే నీకు తెలియదా?