వరసలో చివరి పిల్ల

నీళ్ళ దగ్గర ఐలీన్ బిట్సూయి అంత పిసినారి అమెరికాలోని మా నవాహో తెగ ఊళ్ళలో ఇంకొకరు లేరు. ఆమెను తప్పుపట్టే పని లేదు. నీళ్ళు తోడే గాలిమర దగ్గర డ్రమ్ములు నింపి, గతుకుల మట్టిరోడ్డు మీద ట్రక్కులో మోసుకొచ్చే నీళ్ళాయె. వాళ్ళింట్లో అందరికీ ఒకటే బేసిను. పెద్దవాళ్ళ చేతులయ్యాక పిల్లలవి, ఆ మిగిలింది గొర్రెల కుక్కకి.

చిన్నపిల్లల బడిలో ఆమె ఆయా. ఆ చలికాలం బడి పంపు పాడైతే, ఇంటి పద్ధతే బడికీ తెచ్చింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి, మావాళ్ళు ఎవరికైనా పరిచయంగా చెప్పుకునే అమ్మ వంశం, నాన్న వంశం, ఇద్దరు తాతల వంశాలూ చెప్పేదాకా సబ్బుతో రుద్దించేది.

"నాన్న వంశం మింగేశావేంరా? అంత ఆకలేస్తోందా?" అనేది. పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. "నీళ్ళు ఒలకబోశారో, వీపు విమానం మోతే!"

ఆ వరసలో ఆమె మనవరాలూ ఉండేది, ఐదేళ్ళ పిల్ల. సొంత పిల్లని ముందు పెట్టిందని నలుగురూ అనకూడదని, ఐలీన్ దాన్ని ఎప్పుడూ చివర నిలబెట్టేది. దాని వంతు వచ్చేసరికి నీళ్ళు బూడిద రంగుకి తిరిగేవి.

వాంతులూ విరేచనాలూ బడంతా పాకాయి. అందరూ తేరుకున్నారు, ఈ పిల్ల తప్ప. ట్రక్కు ఆసుపత్రి చేరేలోపే ఒళ్ళు చల్లబడింది. పోయినవాళ్ళ పేరు మావాళ్ళు పలకరు, అందుకని నేనూ చెప్పను.

తర్వాత నర్సు వచ్చి మెల్లగా చెప్పింది. "ఒకే బేసినులో అందరూ చేతులు కడుక్కుంటే ముందరి చేతుల మురికంతా వెనక చేతులకి చేరుతుందమ్మా. నీళ్ళు పైనుంచి పడాలి."

ఎవరూ ఐలీన్‌ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ పిల్ల తల్లి, ఐలీన్ కూతురు వెర్నా కూడా, "మంచి కోసమే చేశావులే అమ్మా," అంది. ఆ మాటకి ఐలీన్ వారం రోజులు అన్నం ముట్టలేదు.

ఎండలు మొదలయ్యాక బడివాళ్ళు మళ్ళీ పిలిచారు. వెళ్ళింది. నీళ్ళు పైనుంచి కారేలా రేకు డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి గుమ్మం పక్కన వేలాడదీసింది. చిన్న మనవడు, ఆ పిల్ల తమ్ముడు ఎర్విన్ ఆ రోజే బడిలో చేరాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

"అక్కడెందుకురా?"

"నేను నీవాణ్ణి కదా అమ్మమ్మా. అక్క కూడా ఇక్కడే నిలబడేదిగా."

కారే నీళ్ళకి ముందూ వెనకా లేదని ఐలీన్‌కి తెలుసు. అయినా వాడి చెయ్యి పట్టుకుని అందర్నీ దాటించి డబ్బా కిందికి తీసుకొచ్చింది.

"మీవాణ్ణే ముందు పెట్టావ్!" అని అరిచారు పిల్లలు.

"పెట్టాను," అంది ఐలీన్, వాడి చేతులు రుద్దుతూ ఏడుస్తూ. "పెట్టాను. మీ అమ్మలకి చెప్పుకోండి, పొండి."