చరణానికి ముందు

మొన్న మార్చిలో కళ్ళ పరీక్షకని తిరుపతి వెళ్ళి తిరిగి వస్తుంటే, ఆటో మా సంగీత కళాశాల ప్రహరీ పక్కన రద్దీలో ఆగిపోయింది. లోపల ఎవరో అమ్మాయి ఒకే సంగతిని పట్టుకుని, కుదరక, మళ్ళీ మళ్ళీ పాడుకుంటోంది. ఆటో కదిలేదాకా ఆమెకు అది కుదరనే లేదు. నాకు మాత్రం ఎనభైల మొదట్లోని ఒక మార్చి నెల గుర్తుకొచ్చింది.

డిప్లొమా అయ్యాక పై చదువుగా నేను స్వరరచన తీసుకున్నాను. చివరి ఏడు, సొంతంగా కట్టిన కృతులతో గంటసేపు కచేరీ చేస్తేనే పట్టా. ఆ నెలలో పాఠాలుండేవి కావు. వరండాలో ఒక మూల తోడి రాగం, ఇంకో మూల మోహన, వేపచెట్టు కింద ఎవరో తొడ మీద తాళం వేసుకుంటూ తమలో తామే గొణుక్కోవడం. ఏ గదిలో దూరినా మన శ్రుతి మనకు దక్కేది కాదు. పాడేవాళ్ళం పద్నాలుగు మందిమి, మృదంగం సార్ ఒక్కరే. తడ వైపు నుంచి వచ్చి కొర్లగుంటలో కాపురముంటున్న ఆయన ఇంటికి వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. నాకు దక్కింది మధ్యాహ్నం భోజనాలైన వెంటనే, ఆయనకు కునుకు పట్టే వేళ.

నేను కట్టిన పెద్ద కృతి మిశ్రచాపులో, అంటే ఏడక్షరాల తాళంలో ఉండేది. బిగువైన స్వరాల వరస ఒకటి ముగియడం, ముగిసీ ముగియకముందే ఎవరూ ఊహించని చోట చరణం ఎత్తుకోవడం. కష్టంగా ఉంటేనే గొప్పగా ఉంటుందని నమ్మే వయసు అది. సార్ నాదం కుదిరేందుకు మృదంగం ఎడమవైపు తడి రవ్వముద్ద అద్దుతూ రెండు రోజులు విన్నారు. మూడో రోజు అడిగేశారు.

“అమ్మణ్ణీ, ఈ స్వరాలకీ చరణానికీ నడుమ ఊపిరి పీల్చుకునేదానికి చోటు యాడ పెట్టినావు?”

“అట్లే కట్టినాను సార్. మార్చను.”

“నాకేమి, నేను వాయిస్తాను. పాడేది నువ్వు గదా.”

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కచేరీ రోజున చిత్తూరు నుంచి మా నాయన మొదటి బస్సుకే వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. బెల్లం మండీ నడిపే ఆయనకు సంగీతం తెలియదు. ఆడపిల్లకు ఈ చదువు ఇంకా ఎన్నాళ్ళని చుట్టాలందరూ అంటున్నా, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అందుకే ఆ రోజు ఆయన ముందు తప్పకూడదని నాకు పంతం.

సరిగ్గా అక్కడే తప్పాను. స్వరాలు ఒకక్షరం ముందే ముగించేశాను. చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు, తాళం వేసే చెయ్యి తొడ మీదే ఆగిపోయింది. సార్ నా వైపు ఒక్కసారి చూసి, చిన్న ముక్తాయింపు వాయించి, తప్పిన చోటుకే దాన్ని తెచ్చి ముగించి, రెండు చేతులూ పైకెత్తి ఆపేశారు. వయొలిన్ అమ్మాయి కూడా కమాను ఎత్తేసింది. హాలంతా తంబురా ఒక్కటే మోగుతోంది. ఎంతసేపో నాకు తెలియదు. అప్పుడు సార్, ఎత్తుకోమన్నట్టు, గడ్డం కొంచెం దించారు. నేను చరణం ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి నాతో పాటే దిగింది.

కచేరీ అయ్యాక, మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకులు నన్ను దగ్గరికి పిలిచారు.

“చరణానికి ముందు ఆ నిశ్శబ్దం మీరు కావాలనే పెట్టారా?”

“అవునండీ” అన్నాను.

“మొత్తం రచనలో గొప్ప చోటు అదే. ఎప్పుడూ మార్చకండి” అన్నారాయన. రెండడుగుల దూరంలో సార్ మృదంగాన్ని గుడ్డతో తుడుచుకుంటున్నారు. తలెత్తలేదు.

మా చిత్తూరు బస్సు చంద్రగిరి దాటింది. నాయన మెల్లగా, “నడుమన మర్చిపోయినావా మా?” అని అడిగారు. అంతమంది విద్వాంసులు కూర్చున్న హాల్లో, సార్ కాక, నా ముఖం చదివింది ఆయన ఒక్కరే. “లేదు నాయనా, పాటే అట్ల ఉండాది” అన్నాను. ఆయన సరేనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

వారం తర్వాత మనసు ఊరుకోక కొర్లగుంట వెళ్ళి, పరీక్షకులకు నిజం చెప్పేస్తాను సార్ అన్నాను. ఆయన నవ్వారు. “నేను అడిగినానా అమ్మణ్ణీ? పాటకు ఆడ కొంచెం చోటు కావాల్సి ఉండాది. అదే తీసుకునింది. పో, పొయ్యి పాడుకో.”

పట్టా వచ్చింది. చిత్తూరులోనే ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేరి, రిటైరయ్యేదాకా ఆ కృతిని ఆ నిశ్శబ్దంతోనే నేర్పాను. నా రచనలు చిన్న పుస్తకంగా అచ్చువేసినప్పుడు ఆ చోట అందాజుగా ఒకటిన్నర ఆవర్తనం, అంటే తాళం ఒకటిన్నర చుట్టు, విరామమని గుర్తు పెట్టి, కింద నా పేరు ఒక్కటే వేసుకున్నాను. సార్ గురించి ఒక్క వాక్యమైనా రాయాలని తోచేసరికి ఆయన లేరు. నిజం చెప్పుకోవడానికి నాయనా లేరు.

ఇప్పుడు ఆ కృతి పాడే పిల్లలు వేళ్ళు మడిచి సరిగ్గా ఒకటిన్నర ఆవర్తనం లెక్కపెట్టుకుంటారు, సరిగ్గా ఎత్తుకుంటారు, ఒక్కరూ తప్పరు. తప్పకపోవడం మంచిదే. ఆ రోజు మాత్రం అక్కడ లెక్కంటూ ఏమీ లేదు. ఒక మనిషి ముఖం చూసి ఇంకో మనిషి పాట ఎత్తుకోవడమే జరిగింది. దాన్ని స్వరలిపిలో ఎలా రాయాలో నాకు ఈనాటికీ తెలియదు.