కళ్లం గుంజకు కట్టిన ఛత్రి

టీవీ తీగ మా ఇంటి ముందు హాలు దాకా వచ్చి ఆగిపోయింది. వెనక అర్రకు రాలేదు. ఆ వెనక అర్ర నా వాటా. మా ఆయన పోయిన ఏడాదికి పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేస్తే, ముందున్న స్లాబు ఇల్లు మరిదికి పోయింది. మట్టిగోడల పెంకుటి అర్ర, దాని ముందు రెండు బండ్లు పట్టే వాకిలి నాకు వచ్చాయి. నేను ఏడవలేదు. అర్ర చిన్నదే కానీ తలుపుకు గొళ్ళెం లోపలి వైపు ఉంది. అది చాలనుకున్నాను.

నాకు చదువు లేదు. వేలిముద్ర నుంచి సంతకం దాకా వచ్చాను, అంతే. నది అవతల చదువుకున్న మనవరాలు ఇది రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం తీసేస్తానంది. తీసేయనీ, నేను తిట్టానని మా ఊరికి ఎలాగూ తెలుసు.

మాది ప్రాణహితకు మహారాష్ట్ర వైపు, సిరొంచ పక్క ఊరు. ఇక్కడ సర్కారు కచేరీలో మరాఠీ, బడిలో మరాఠీ, పొయ్యి దగ్గర తెలుగు. బజారులో బేరమాడేంత మరాఠీ నాకు వచ్చు. కడుపారా నవ్వేంత రాదు. అందుకే టీవీ అంటే నాకు తెలుగు టీవీయే.

ఉత్తపుణ్యానికి కాదు నేనింత గొడవపడింది. మొదట్లో ముందు హాల్లోనే కూర్చుని చూసేదాన్ని. ఇంటికి పెళ్ళిమాటలకు ఎవరో వచ్చేవారు, లేదా కొత్తకోడలిని తీసుకుని చుట్టాలు వచ్చేవారు. యారాలు, అంటే మరిది పెళ్ళాం, నా వైపు ఒకసారి చూసేది. నేను లేచి వెనక్కి పోయేదాన్ని. మొగుడు పోయిన ఆడది ఎదురుగా కనబడకూడదు కదా. సినిమాలో సగం, సీరియల్లో సగం, అట్లా నేను చూసినవన్నీ సగం సగమే. హంతకుడు ఎవరో తెలియని సినిమాలు ఇప్పటికీ నా తలలో ఎన్నో ఉన్నాయి.

అట్లా ఉండగా ఒకనాడు మరిది వచ్చి, అర్ర తనకిస్తే ఎరువు సంచులు పెట్టుకుంటానన్నాడు. నన్ను హాల్లో ఒక మూలన పడుకోమన్నాడు. "నువ్వొక్కదానివి, నీకు అర్ర ఎందుకు వదినె? పొద్దంతా అది ఉత్తగనే ఉంటది" అన్నాడు. మంచిగానే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. సంచులు ఒకసారి లోపలికి వస్తే మళ్ళీ బయటికి పోవని నాకు తెలుసు. సంచులు వచ్చాక నేను పోతాను, హాల్లో మూలకు, అక్కడి నుంచి గడప మీదికి. కాబట్టి ఆ అర్ర ఉత్తగా లేదని ఊరికి తెలియాలి. అందులో వెలుగు కనబడాలి, మాట వినబడాలి. మా ఆయన కొన్న టీవీ పంపకంలో నాకే వచ్చి, ఆరు నెలలుగా దుప్పటి కప్పుకుని కూర్చుంది. దాని దుప్పటి తీశాను.

ముందు హాల్లో టీవీ కింద ఉండే పెట్టె నుంచి ఒక తీగ నా అర్రకు లాగితే సరిపోతుందన్నారు. దగ్గరి దారి దేవుని అర్ర గోడలోంచి. అక్కడ బెజ్జం వేయొద్దని మరిది అడ్డం పడ్డాడు. నా తీగ దేవుడి పక్క నుంచి పోతే దేవుడికేం నొప్పో నాకు తెలియదు. సరేనని పెంకుల మీదుగా చుట్టూ తిప్పించాను. బొమ్మ వచ్చింది. ఆ రోజు చాయ్ రెండుసార్లు పెట్టుకుని తాగాను.

రెండో రోజుకే సంగతి తెలిసింది. ఆ పెట్టె ఒకటే, కాబట్టి ముందు వాళ్ళు ఏది పెడితే నాకూ అదే. నేను తెలుగు సినిమా చూస్తుంటే మధ్యలో మరాఠీ వార్తలు వచ్చేవి. వార్తలకు అలవాటు పడే లోపల క్రికెట్ వచ్చేది. ముందు వాళ్ళు మీట నొక్కి పడుకుంటే నా టీవీ గుడ్డిదయ్యేది. ఒకరు నమిలి పెట్టింది నేను మింగడమే అది. వారం చూశాను. ఎనిమిదో రోజు ఆ తీగ నేనే పీకి, చుట్ట చుట్టి, మరిది గుమ్మంలో పెట్టి వచ్చాను. వదినెకు ఏమైందని మరిది యారాలిని అడిగాడట. ఏమీ కాలేదు, కడుపు నిండింది.

మూడు రోజుల తర్వాత సిరొంచ బజారుకు పోయి సొంత ఛత్రి కొన్నాను. ఛత్రి అంటే డిష్షే, మా దగ్గర అట్లాగే అంటారు. తునికాకు కట్టలు కట్టిన చేతులు నావి, ఆ పైసలు నావి, ఎవరినీ అడగలేదు. బిగించే మనిషి వారం తర్వాత వస్తాడని దుకాణాయన అన్నాడు. వారం నేను ఆగలేను. ఛత్రిని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, పిండి జల్లించడానికా అని పక్కనున్న ముసలామె అడిగింది. "మొగోళ్ళను జల్లించనీకి" అన్నాను. ఊరు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఇక నా తెలివితక్కువ చెప్తాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి మీద పొడుగు కర్రకు అల్యూమినియం కడ్డీల ఏరియల్ ఉండేది. నది వైపు తిప్పితే అవతలి ఒడ్డు నుంచి తెలుగు వచ్చేది, అడవి వైపు తిప్పితే మరాఠీ వచ్చేది. వర్షాకాలంలో ప్రాణహిత పొంగి పడవలు ఆగిపోయినా తెలుగు మాట మాత్రం నీళ్ళు దాటి వచ్చేది. తెలుగు నది మీదుగా వస్తుందని నా ఎముకల్లో ఉంది. అందుకే వెదురుబొంగు పాతి, ఛత్రి కట్టి, ముఖం నది వైపు పెట్టాను. నాలుగు రోజులు అక్కడే తిప్పాను. ఇంత పైకి, ఇంత కిందికి, ఇంత ఎడమకు. తెరమీద నల్లటి నలుపు తప్ప ఏమీ లేదు. మరిది దాటుతూ, "చాపలు పడ్తున్నయా వదినె?" అన్నాడు. మెడ నొప్పికి ఉప్పుమూట కాచుకుంటూ ఆ మాటను దాచుకున్నాను.

అయిదో రోజు యారాలు వచ్చింది. వాళ్ళాయన ట్రాక్టరు పనిమీద అల్లపల్లి పోయాడు. వచ్చి కాసేపు నిలబడి, చేతిలో చాట ఇటూ అటూ తిప్పింది.

"అక్కా, మా ఛత్రి నది దిక్కు చూడదు."

"మరి ఎటు చూస్తది?"

"పిట్టగోడ చాటుకు ఉంటది, కింది నుంచి నీకు కనవడదు. నేను స్లాబు మీద వడియాలు ఎండబెడ్త కద, రోజు చూస్త. పొద్దున పది కొట్టంగ పొద్దు ఏ దిక్కున ఉంటదో, గా దిక్కు చూస్తది. మొఖం ఆకాశానికి ఎత్తుకొని."

అవతలి ఒడ్డు మీద ఏమీ లేదని, అంతా పైనుంచే వస్తుందని నాకు అప్పుడు తెలిసింది. తెలుగూ పైనుంచే, మరాఠీ పైనుంచే. పదింటి పొద్దు దిక్కుకు ఛత్రిని తిప్పాను. యారాలు అర్రలోకి పోయి టీవీ ముందు కూర్చుంది. నా అర్రలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. లోపలి నుంచి, వచ్చింది అంది. మరుక్షణం పోయింది అంది. గాలి తగిలినప్పుడల్లా వెదురు ఊగుతోంది, బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది. ఇంకోచోట పెడదామంటే ఒక పక్క వేపచెట్టు, ఒక పక్క వాళ్ళ స్లాబు. ఆ దిక్కు ఆకాశం తెరిచి ఉన్నది నా వాకిలి నడుమే. అక్కడ కదలని కర్ర కావాలి.

కదలని కర్ర మా కొట్టంలో ఉంది. కళ్లం గుంజ. వరి కోసి తెచ్చి కళ్లంలో పరిచి, నడుమ గుంజ పాతి, దానికి ఎడ్లను కట్టి తొక్కించేవాళ్ళం. నల్లమద్ది కర్ర అది, మా ఆయన అడవి నుంచి తెచ్చి చెక్కాడు. కోత మిషన్లు వచ్చాక పనిలేక కొట్టంలో పడి ఉంది. అయినా దానికి మర్యాద ఉంది. దాన్ని మగవాడే పాతాలి. ముత్తైదువ పసుపు కుంకుమ పెట్టాలి. నా వంటిది దాని నీడలో కూడా నిలబడకూడదు. మా ఆయన ఉన్నప్పుడు దానికి ఇరవై ఏళ్ళు పసుపు పెట్టిన చేతులు ఇవే. ఆయన పోయిన రోజు నుంచి ఇవే చేతులు దానికి మైల.

యారాలు నా చూపు ఎటు పోయిందో చూసింది. "వద్దక్కా, ఆయన మండుతడు" అంది.

"మండనీ. చలికాలమే కద" అన్నాను.

గడ్డపార తీసుకుని మోచేతి లోతు గుంత తవ్వాను, అది చాలక ఇంకా తవ్వాను. గుంజను కొట్టం నుంచి దొర్లించుకుంటూ తెచ్చాను. యారాలు ముట్టుకోలేదు. కానీ గుంత అంచున జారుతుంటే కాలు అడ్డం పెట్టింది. రాళ్ళు వేసి కూరాను. ఛత్రిని బోల్టులతో బిగించాను. తీగ మీద పశువులు తొక్కకుండా, ఎలుకలు కొరకకుండా వెదురుబొంగుల లోపలి గణుపులను కాల్చిన చువ్వతో పొడిచి, వాటిలోంచి తీగను గుచ్చి, నేలలో పూడ్చి అర్రలోకి తెచ్చాను. వెదురు పని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, పదేళ్ళు అడవిలో కొట్టాను.

ఆమె లోపల, నేను బయట. జర ఇటు అంటుంది, జర అంటే ఎంతే అని నేను. గోరంత అంటుంది. ఎవరి గోరు అంటాను. అట్లా తిప్పుతూ ఉండగా లోపల మాట ఆగిపోయింది. కోపం వచ్చి లోపలికి పోయాను. యారాలు నోరు తెరుచుకుని చూస్తోంది. తెరమీద ఒకామె తెలుగులో కాకరకాయ వేపుడు చేస్తోంది. గాలి వీస్తోంది, బొమ్మ కదలడం లేదు.

మరునాడు మరిది వచ్చాడు. వాకిట్లో గుంజను చూసి చెప్పులు విడవడం మరిచిపోయాడు. ఎవరు పాతారని అడిగాడు. నేనే అన్నాను.

"పీకెయ్ వదినె. అది అన్న గుంజ. కళ్లంల ఉండేది. నువ్వు ముట్టొచ్చునా?"

నేను అప్పటిదాకా ఆయన ముందు కొంగు సర్దుకుని మాట్లాడేదాన్ని. ఆ రోజు సర్దుకోలేదు.

"మీ అన్న అని నువ్వంటవు, మా ఆయన అని నేనంట. ఆయన చెక్కిన కర్ర నా వాకిట్ల ఉంది. పీకాలంటే నువ్వు పీకు మరిదీ. పగటిపూట పీకు, ఊరు చూస్తది. అర్రల ఎరువు సంచులు గూడ గప్పుడే పెట్టుకో. నేను గీ గుంజను పట్టుకొని కూసుంట."

చుట్టుపక్కల గోడల మీద అప్పటికే నాలుగు తలలు లేచాయి. మరిది గుంజ మీద చేయి వేశాడు. వేసి, ఒకసారి ఊపి చూశాడు. అది కదలలేదు. మా ఆయన కర్ర ఎట్లాంటిదో ఆయనకూ తెలుసు, ఎన్ని కోతలకో అన్నతో కలిసి పాతినవాడు. చేయి తీసి, తల తిప్పుకుని, చెప్పులతోనే తన ఇంట్లోకి పోయాడు. నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. నాతో పదిహేను రోజులు టీవీ మాట్లాడింది.

ఎరువు సంచులు స్లాబు మెట్ల కింద పెట్టుకున్నారు.

ఆ ఏడు వడ్లు ఇంటికి వచ్చిన రోజున యారాలు పసుపు గిన్నె పట్టుకుని నా వాకిట్లోకి వచ్చింది. గుంజకు పెట్టాలి కదా అక్కా అంది. పెట్టు అన్నాను. ఆమె ముందుకు పోలేదు. గిన్నె నా వైపు చాచింది. ఎదుటి అరుగు మీద మరిది కూర్చుని ఉన్నాడు, చూస్తున్నాడు. కావాలంటే ఆపొచ్చు. నేను ఆయన ఆపుతాడేమోనని ఆగలేదు. వేళ్ళు ముంచి గుంజకు అడ్డంగా మూడు గీతలు పెట్టాను, ఛత్రి కింద, ఎప్పుడూ పెట్టే ఎత్తులోనే. ఆయన నన్ను పెట్టమనలేదు, నేను ఆయన్ని అడగలేదు.

తర్వాత యారాలిని లోపలికి రమ్మని టీవీ పెట్టాను. గొంతు కాస్త పెంచాను, అరుగు దాకా వినబడేటట్టు. ఆ సినిమాలో హంతకుడు ఎవరో చివరిదాకా కూర్చుని చూశాం. ఎవరు వచ్చినా లేవలేదు.