జగన్నాధం మాస్టారి పేపరు చదువు

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా బడిలో చదువు తప్ప అన్నీ జరుగుతాయి. జవాబు పత్రాలు దిద్దాలి, మార్కులు ఫోనులో ఎక్కించాలి, పుస్తకాలు వెనక్కి తీసుకోవాలి, మరుగుదొడ్ల ఫొటోలు పంపాలి. ఎవరు చూస్తారో తెలియని ఆ ఫొటోల కోసం రోజూ ముక్కు మూసుకుని నిలబడేది నేనే. ఇన్నిట్లోనూ ఈ ఏడాది నన్ను ఎక్కువ విసిగించింది మాత్రం జగన్నాధం మాస్టారు. కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చుని వెంటనే లేస్తారు, వరండా చివరిదాకా వెళ్లి వస్తారు, తెప్పించుకున్న టీ తాగడం మర్చిపోతారు. "కాస్త కూర్చోండి మాస్టారూ, మీరు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని రెండుసార్లు అనేశాను కూడా.

మాది కోటబొమ్మాళి నుంచి ఆటోలో అరగంట దూరాన, సముద్రం ఒడ్డు ఊళ్లో, ఏడో తరగతి దాకా ఉన్న బడి. నేను లెక్కలు చెబుతాను, ఆయన తెలుగు. ఆయన వచ్చి ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఈ వేసవిలో బదిలీ తప్పదు. ఆయన బెంగంతా బదిలీ గురించేనని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. కాదని నాకు తెలుసు. ఆయన్ని నిలవనివ్వనిది తులసి.

తులసి ఏడో తరగతి పిల్ల. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, పద్యాలు గడగడా అప్పజెబుతుంది. కాని ఆ పిల్లకి చదవడం రాదు. రెండో తరగతి చివర్లో కరోనా వచ్చి బడి మూతపడింది. తెరిచేసరికి తరగతి ముందుకెళ్లిపోయింది, ఈ పిల్ల అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి ఎలా నెట్టుకొచ్చిందో తలుచుకుంటే నాకు ఆశ్చర్యం. కొత్త పాఠం మొదలైన రోజు కడుపునొప్పి అంటుంది. మర్నాడు పక్కనున్న శ్రావణి చదివింది విని, పుస్తకం మీద వేలు జరుపుతూ అదే చెప్పేస్తుంది. పరీక్షల్లో శ్రావణి రాసింది బొమ్మ గీసినట్టు దించుతుంది. మాస్టారు ఈ సంగతి ఆరో తరగతిలోనే పట్టుకున్నారు. దగ్గర కూర్చోబెట్టుకుని మొదట్నుంచి నేర్పాలనుకున్నారు. ఒక నెల ట్రైనింగు, ఒక నెల ఎన్నికల డ్యూటీ, ఆ తర్వాత పై అధికారుల తనిఖీ. తనిఖీ రోజున ఫారంలో 'ధారాళంగా చదవగలదు' అన్నచోట మాస్టారే టిక్కు పెట్టారు. ఒకసారి పెట్టాక మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. నాకూ తెలుసు. లెక్క ఎవరైనా చదివి వినిపిస్తే నోటితో చేసేస్తుంది, కాగితం మీద ఇస్తే పెన్సిలు కొరుకుతుంది. నేనూ మార్కులు వేసేశాను.

అసలు చిక్కంతా ఆయన పెట్టిన ఆనవాయితీతోనే వచ్చింది. ఆఖరి పనిదినం నాడు ఏడో తరగతి పిల్లలు ఒక్కొక్కరే తల్లిదండ్రుల ముందు నిలబడి, ఆరోజు పేపర్లో ఏదో ఒక వార్త చదవాలి. చదివాకే రికార్డు షీటు, అంటే పై బడిలో చేరడానికి ఇచ్చే కాగితం, చేతికిస్తారు. చీపురుపల్లి దగ్గర పల్లెలో, గోగూ నువ్వులూ పండించే ఇంట్లో మొదట బడికెళ్లినవాడు ఈయనే. చదువు రాని వాళ్ల నాన్న ఈయన్ని కిళ్లీబడ్డీ దగ్గర నిలబెట్టి నలుగురి ముందూ పేపరు చదివించి, తుండు సర్దుకుంటూ చుట్టూ చూసేవారట. ప్రతి తండ్రికీ తల్లికీ ఒక్కసారైనా అలా చుట్టూ చూసే భాగ్యం ఉండాలంటారు.

ఆఖరి రోజుకి రెండు రోజుల ముందు, తులసి తల్లి గురమ్మ గేటు దగ్గర కనిపించి, "ఎల్లుండి నానొస్తాను మేస్టారూ" అని చెప్పి వెళ్లింది. ఆవిడ చేపలమ్మే మనిషి. రోజూ తెల్లారకుండా గంపతో కోటబొమ్మాళి ఆటో ఎక్కుతుంది, బడి గడప ఎన్నడూ తొక్కలేదు. ఇప్పుడు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, అమ్మడానికి చేప లేదు. భర్త గంగులు గుజరాతు బోట్ల మీద ఉన్నాడు. అందుకని తీరిక దొరికింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు నా బల్ల దగ్గరకొచ్చారు.

"రాజకుమారి గారూ, ఆ పిల్ల అంతమందిలో నిలబడి ఏటి చేస్తాది? ఇక్కడ సిగ్గుపడితే పై బడి గుమ్మం ఎక్కదు. చదివినట్టు నటించి వెళ్తే అక్కడ అరవై మందిలో ఎవడు పట్టించుకుంటాడు? ఎలా చూసినా చదువు మానేస్తాది."

"ఈ ఏడాదికి ఆ చదివించడం మానేయండి."

"మిగతా పిల్లలు నెల్లాళ్లనుంచి ఎదురుచూస్తన్నారు."

నాకు కోపమొచ్చింది. ఆయన మీదో నా మీదో ఇప్పటికీ తెలీదు. "అయితే నేను చూసుకుంటాను, మీరు తిరగడం ఆపండి" అన్నాను.

నేను చూసుకున్నది ఇదీ. ఆఖరి రోజు పొద్దున్న, సభకి ముందు, ఏడో తరగతి గదిలోకి వెళ్లి, పేపరు ఎలా చదవాలో చూపిస్తానని ఒక చిన్న వార్త రెండుసార్లు గట్టిగా చదివాను. ఎండలు ముదురుతున్నాయి, మధ్యాహ్నం బయట తిరగవద్దు, మంచినీళ్లు ఎక్కువగా తాగండి అని నాలుగు వాక్యాలు. తులసికి అంతకన్నా అక్కర్లేదు. ఆ పిల్లకే ఆ వార్త ఇమ్మని మాస్టారికి చెప్పాను. ఆయన నా మొహంలోకి చూడకుండా తలూపారు.

వరండాలో బెంచీలు వేశాం. పాతికమంది దాకా వచ్చారు. శ్రావణి చదివింది, శివాజీ తడబడుతూ చదివాడు. తులసి వంతు వచ్చింది. మాస్టారు పేపరు అందించి, వార్త మీద వేలు పెట్టి చూపించారు. తులసి ఒక్క తప్పు లేకుండా, నేను ఆగినచోటల్లా ఆగుతూ, చెప్పేసింది. అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆ పిల్లకే వచ్చాయి. గురమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు, చుట్టూ చూడలేదు. తల వంచుకుని కూర్చుంది.

అందరూ వెళ్లాక, కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకొచ్చింది. మాస్టారు రికార్డు షీటు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"నాను పెందలాడే వచ్చినాను మేస్టారూ. కిటికీ కింద కూకున్నాను. ఆ ముక్క టీచరమ్మ రెండుసార్లు సదివింది, నాను ఇన్నాను."

మాస్టారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మా పిల్లకి సదవడం రాదు. నాకు తెలుసు. బస్సు బోర్డు సదవమంటే కండట్రుని అడుగుతాది. ఆళ్ల నాన్న ఫోన్లో మెసేజీ పెడితే ఛార్జింగు అయిపోనాదంటాది. మీకు తెలిస్తే కింది తరగతిలో కూకోబెట్టేస్తారని నోరు మూసుకున్నాను. మీకు తెల్దనుకున్నాను."

"తెలుసమ్మా" అన్నారు మాస్టారు. "రెండేళ్లుగా తెలుసు. వచ్చునని రాసింది నేనే. తప్పు నాది."

గురమ్మ నా వైపు తిరిగింది. "మీకు కూడా తెలుసా, టీచరమ్మా?"

ఎవరేమన్నా వెంటనే తిప్పికొడతానని నాకు పేరు. ఆ పూట తిప్పికొట్టడానికి ఏమీ లేదు. "తెలుసు" అన్నాను. ఆ ఒక్కమాట అనడానికి నాకెంత సిగ్గేసిందో చెప్పలేను.

తులసి అప్పటిదాకా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వాళ్లమ్మని చూసింది, మాస్టారిని చూసింది, నన్ను చూసింది. ఏడవలేదు.

"మీకందరికీ తెలుసు" అంది నెమ్మదిగా. "మరి నాను ఇన్నాళ్లూ ఎవుల కాడ దాసినాను?"

రోజూ పొద్దున్నే కడుపునొప్పి తెచ్చుకుంటూ, రాని అక్షరాల మీద వేలు జరుపుతూ, ఐదేళ్లు ఈ పసిదే మోసింది. మేం ముగ్గురం పెద్దవాళ్లం పక్కనే నిలబడి చూశాం. ఎవరి పరువు వాళ్లం కాపాడుకున్నాం.

మాస్టారు రికార్డు షీటు బల్ల మీద పెట్టి, పేపరు అందుకుని నేలమీద కూర్చున్నారు. తులసిని పక్కన కూర్చోమన్నారు. వచ్చి కూర్చుంది. మొదటి పేజీలో పెద్దక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేమిటమ్మా?" అని అడిగారు.

తులసి చేతులు పొట్ట మీదికి వెళ్లాయి. శ్రావణి లేదు, నేను చదవలేదు. చాలాసేపు ఆ అక్షరాలనే చూసింది.

"నాకు తెల్దు మేస్టారూ" అంది.

మా బడిలో ఆ పిల్ల ఆ మాట అనడం అదే మొదటిసారి.