దాత గడి

మా ఊరి గ్రంథాలయంలో కార్డులు రాసే తాత్కాలిక పని దొరికినప్పుడు నాకెంత సంతోషమో డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. ఎనభైల మొదట్లో మాట. ఎవరితోనూ మాట్లాడనక్కరలేని పని అని కూడా రాసుకున్నాను.

పుస్తకానికొక కార్డు. అందులో పుస్తకం పేరు, రచయిత, దాత, బీరువా నంబరు. దాత పేరున్న కార్డులకు వేరే సొరుగు ఉండేది, ఆ పేరుతో వెతికేవాళ్ళ కోసం. ఎవరిచ్చారన్న సంగతి ఆ కార్డుల్లో తప్ప ఎక్కడా లేదు; రిజిస్టరులో ‘విరాళం’ అని మాత్రం ఉండేది.

కొత్త బీరువాలు వచ్చి నంబర్లు మారాయి. లైబ్రేరియన్ సారు ప్రతి పుస్తకానికీ ఒక చీటీ రాసిచ్చాడు. చీటీలో పుస్తకం పేరు, రచయిత, కొత్త నంబరు. దాత గడి ఖాళీ. అది మారలేదు కాబట్టి ఆయన రాయలేదు, అంతే.

“సార్, పాత కార్డు చూసి దాత పేరు ఎక్కించనా?” అన్నాను.

“చీటీలో ఉండేది రాయమ్మా. నీకు తెలివి ఎక్కువైనట్లుండాది.”

అటెండరు నవ్వాడు. నేను దాత గడి ఖాళీగానే వదిలి రాసుకుంటూ పోయాను. నెల రోజుల్లో కార్డులన్నీ కొత్తవయ్యాయి. పాతవి అటెండరు ఇంట్లో నీళ్ళపొయ్యి కిందికి పోయాయి. దాతల సొరుగులో పెట్టడానికి ఒక్క కార్డూ మిగల్లేదు. “మంచిదేలే, రబ్బరు స్టాంపులు పెట్టుకోవచ్చు” అన్నాడు సారు.

ఒకరోజు బత్తలపల్లె నుంచి బస్సులో ఒక అవ్వ వచ్చింది. నేతపని వాళ్ళు. చేతిలో గళ్ళ కాగితం చుట్ట.

“పాపా, మా నాయన ఈడికి పుస్తకాలిచ్చినాడు. ఒకదాంట్లో ఎనక అట్ట లోపల సీరకేసే హంసల అంచు గీసినాడు. ఇప్పుడు ఆ అంచు ఎవురికీ రాదు. నా కొడుకు మగ్గమెక్కిస్తానంటాండాడు.”

“పుస్తకం పేరేంటవ్వా?”

“నాకు సదువు రాదు పాపా. పోయినేడు ఊరికే సూసిపోదామని వచ్చి మా నాయన పేరు జెప్తే, నీకు ముందు ఈడుండిన ఆయప్ప సొరుగు గుంజి, సిటికెలో తీసిచ్చినాడు.”

అవ్వ నాయన పేరు చెప్పగానే సారు సొరుగు తెరిచి స్టాంపులు చూపించాడు. “కార్డు లేదంటే పుస్తకం లేనట్టేనవ్వా.”

“ఏమప్పా, మా నాయన ఇయ్యలేదంటావా?”

“నేననలేదు. కార్డంటాండాది.”

కార్డు అంటోందట! ఆ కార్డు నా చేతిరాత. ఒక మనిషి పేరు కళ్ళెదుటే ఉండగా, చెప్పారు కదా అని రాయకుండా వదిలేసిన చేయి నాది. సారు మీద వచ్చినంత కోపం నా మీదా వచ్చింది.

“ఇచ్చినారు సార్” అన్నాను. “పాత కార్డులో ఆ పేరు ఉండె, ఏ పుస్తకమో గుర్తులేదు. నేనే ఎక్కించలేదు.”

అవ్వను కూర్చోమని ఒక్కో పుస్తకం వెనకట్ట తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఆ రోజు దొరకలేదు. అవ్వ మూడుసార్లు బస్సెక్కి వచ్చింది. ప్రతిసారీ సారు “ఇంగా దొరకలేదా?” అని అడిగాడే తప్ప కుర్చీలోంచి లేవలేదు. మూడోసారి ఒక ఇంటివైద్యం పుస్తకం చివర పెన్సిలు గళ్ళు, గళ్ళలో హంసలు కనిపించాయి. అవ్వ వేలితో ఒక్కో గడీ లెక్కపెడుతూ గళ్ళ కాగితం మీద దింపుకుంది. ఒకచోట ఆగి, “ఈడ తప్పు గీసినాడు మా నాయన” అని నవ్వింది.

ఆమె వెళ్ళాక ఆ పుస్తకానికి కార్డు మళ్ళీ రాశాను, ఆమె నాయన పేరుతో. కొన్ని పుస్తకాల బీరువాలు మళ్ళీ మారాయని మర్నాడు సారు ఇంకో కట్ట చీటీలిచ్చాడు. పుస్తకం పేరు, కొత్త నంబరు తప్ప మళ్ళీ ఖాళీ గళ్ళు.

“మారనిదానికి పాతదే అని రాయండి సార్. తీసేయాల్సిందైతే అడ్డగీత కొట్టండి. ఉత్తగా వదిలేస్తే పాత కార్డులో ఉండేది నేను తీసేయను, అదే ఎక్కిస్తా.”

“నాకే నేర్పిస్తావా?”

కట్ట ఆయన బల్లమీదే పెట్టి వచ్చాను. రెండు రోజులు అక్కడే పడి ఉంది. మూడో రోజు పాతదే, పాతదే అని విసురుగా రాసి పంపాడు.

మిగతా దాతల పేర్లు మాత్రం తిరిగి రాలేదు. వాళ్ళ కోసం బస్సెక్కి వచ్చినవాళ్ళెవరూ లేరు. దాతల సొరుగులో అవ్వ నాయన కార్డొక్కటే పెట్టాను. స్టాంపులు బయటికి తీసి పెట్టాను.