ఫ్యాను రెక్కల మీది సీసం

రిటైర్మెంటుకి ముందు ఏడాది వేసవిలో నన్ను యానాం డ్యూటీ మీద పంపారు. నేను కాలుష్య తనిఖీ ల్యాబులో సీనియర్ ఎనలిస్టుని. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు ఒకటి అంగన్‌వాడీ పక్కనే నడుస్తోంది. పిల్లలకి తరచూ కడుపునొప్పులు వస్తున్నాయని టీచరు సత్యవతి గారు ఫిర్యాదు చేశారు. దుమ్ములో సీసం తేలితే షెడ్డు కదులుతుంది, లేకపోతే ఫైలు మూతపడుతుంది.

వీధి దుమ్ములోకి లోహాలు నానా దారుల్లో వస్తాయి. టైర్లు అరిగి జింకు, బ్రేకులు అరిగి రాగి, పాత రంగులు రాలి సీసం. అందుకే షెడ్డు దగ్గరి దుమ్మును దూరపు దుమ్ముతో పోల్చి చూడాలి.

జీపు దిగేసరికి రోడ్డు తళతళలాడుతోంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చాడు.

"తమరు దుమ్ము చూడ్డానికి వత్తన్నారని పొద్దున్నే ట్యాంకర్లు పెట్టి కడిగించేసేమండి. ఆయ్, రేణువు దొరకదండి."

నేను వచ్చిందే దుమ్ము కోసమన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. కాసేపటికి ఒక బస్తా దుమ్ము దింపించాడు. పక్కనున్న అడవిపొలం అనే ఊరి నుంచి తెప్పించాడట, జల్లెడ కూడా పట్టించాడట. పడ్డచోట తీసిన దుమ్మే లెక్కలోకి వస్తుందంటే, వంక పెడుతున్నానని నొచ్చుకున్నాడు. షెడ్డు యజమాని కూడా తన వంతు ఒక సంచి పంపి, ముట్టినట్టు రసీదు అడిగాడు.

ఇక లాభం లేదనుకుని అంగన్‌వాడీలోకి వెళ్ళాను. సత్యవతి గారు స్టూలెక్కి, తడిగుడ్డతో ఫ్యాను తుడవబోతున్నారు. రెక్కల మీద నల్లటి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఆపమని గట్టిగా అన్నాను.

"పెద్దోరొచ్చినప్పుడు ఇలాగుంటే ఏవనుకుంటారండీ" అన్నారావిడ.

ఫిర్యాదు చేసిందే ఆవిడ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడని దింపి, నేను స్టూలెక్కి ప్లాస్టిక్ బ్రష్షుతో ఆ దుమ్మును కవర్లోకి తీసుకున్నాను. ఇనుప సామాను వాడితే దాని లోహం కూడా కలుస్తుంది. పోలికకి షెడ్డుకి దూరంగా ఉన్న మెట్టకూరు అంగన్‌వాడీ ఫ్యాను దుమ్ము కూడా తీశాను.

ల్యాబులో రెండింటినీ యాసిడ్‌లో కరిగించి కొలిచాం. జింకు, రాగి ఇంచుమించు సమానం. సీసం మాత్రం షెడ్డు పక్కన ఎన్నో రెట్లు ఎక్కువ. బండ్ల దుమ్ము రెండుచోట్లా ఒకటే, ఈ అదనపు సీసం షెడ్డుదేనని తేలింది. షెడ్డు మూయించారు, పిల్లలకి రక్తపరీక్షలు చేయించారు.

కొన్నాళ్ళకి సత్యవతి గారు ఫోన్ చేశారు. నా రిపోర్టు ఆధారంగా, ఫ్యాను శుభ్రంగా ఉంచనందుకు సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చిందట. మెట్టకూరు టీచరుకి కూడా వచ్చిందట.

"ఏం రాయమంటారండీ?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. తుడిచి ఉంటే షెడ్డు ఇంకా నడుస్తూ ఉండేదని రాయమన్నాను.

ఆ తర్వాత శాంపిల్ తీయడానికి వెళ్తున్నట్టు ఎక్కడా ముందుగా చెప్పలేదు. రిపోర్టు చదివే ఆఫీసులకి సీసం కన్నా దుమ్మే ముందు కనిపిస్తుందని కూడా అప్పుడే నేర్చుకున్నాను.