బావగారి చెయ్యి పడితేనే లేచే కారు

టీచరమ్మ ఆ రోజు తన డ్రైవింగ్ స్కూలుకి సమయానికే చేరింది, అదీ సొంత కారులోనే. కారుని వెనకనుంచి ఆమె శిష్యులు తోసుకొచ్చారు. వాళ్ళలో ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఉన్నారు. ఇంకొకావిడ ఆస్పత్రిలో నర్సు. మూడో ఆయన పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే మనిషి. ఆయన మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది కాని, మర్యాదకొద్దీ దాని జోలికి పోలేదు. టీచరమ్మ మాత్రం స్టీరింగుని పాఠంలో చెప్పినట్టే రెండు చేతులా పట్టుకుంది, మలుపులో అద్దం చూసుకుంది, గేటు ముందు హ్యాండ్ బ్రేకు వేసింది. దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "బండి మధ్యలో ఆగిపోతే కంగారు పడకూడదు. ఇవాళ్టి పాఠం అదే," అంది. ముగ్గురూ రొప్పుతూ తలలూపారు.

స్కూలుకొచ్చే దారిలో, ఒక కూడలిలో ఆగిపోయిన ఆ కారు అక్కడే ఎందుకు లేవలేదో తెలియాలంటే, ఆ ఇంటి పై వాటా గురించి తెలియాలి.

అది గుండ్రటి ముక్కున్న పాత కారు. టీచరమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అక్కడుంది. మావగారు కొన్నారు. ఆయన పోయాక అత్తగారి పేరు మీదికి వచ్చింది. కింది వాటాలో అత్తగారు, టీచరమ్మ, ఆమె మొగుడు ఉంటారు. పై వాటాలో బావగారు, అంటే మొగుడి అన్నగారు, ఆయన భార్య. కారేమో కింద, దాన్ని లేపే మనిషేమో పైన. అసలు తంటా అంతా అక్కడుంది.

కార్బురేటర్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పట్టించే లోహపు గిన్నె. కాని ఆ కారులో ఉన్నది పెంకి గిన్నె. చలిగా ఉంటే ఒక పేచీ, ఎండగా ఉంటే ఇంకో పేచీ. దాన్ని దారికి తెచ్చే విద్య బావగారికి ఒక్కరికే పట్టుబడింది. బానెట్ ఎత్తేవారు. స్క్రూడ్రైవరుతో ఏదో మరను కాస్త ఇటు తిప్పి, కాస్త అటు తిప్పి, కార్బురేటర్ నోటిమీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవారు, జ్వరం చూసే డాక్టరులాగా. ఆ తరవాత సీట్లో కూర్చుని, కింద కాళ్ళతో ఏం చేసేవారో ఎవరూ చూడలేదు కాని, తాళం తిప్పగానే కారు దగ్గి, తుమ్మి, నల్లటి పొగ వదిలి లేచేది. ఆయన దిగి, పెట్రోలు వాసనొచ్చే చెయ్యి అలాగే పైకి తీసుకుపోయి, అందరికీ ఆ వాసన తెలిసేలా టిఫిను తినేవారు.

"కార్బురేటరుకి నా చెయ్యి తెలుసు," అనేవారు.

కాబట్టి టీచరమ్మ రోజూ పొద్దున్నే మెట్ల కింద నిలబడి, తల పైకెత్తి అడగాలి. అత్తగారిని మోకాలి వ్యాయామానికి క్లినిక్‌కి తీసుకెళ్ళాలన్నా అడగాలి. ఊళ్ళో సగంమందికి బండి నడపడం నేర్పిన మనిషి, ఇంట్లో బండి కదలాలంటే పైకి చూసి అడగాలి.

"ఇప్పుడా?" అనేవారు బావగారు, బాల్కనీ కటకటాల మీదుగా. "ఇంకా కాఫీ తాగలేదమ్మాయ్. అయినా ఊరందరికీ నేర్పుతావు, ఇంట్లో కారు లేపుకోలేవూ?"

"నేను నడపడం నేర్పుతాను బావగారూ. బతిమాలడం నేర్పను."

అంత మాట పడ్డాక ఆయన ఇంకో కాఫీ తాగేవారు.

శిష్యుల చేత తోయించుకున్న రోజు సాయంత్రం టీచరమ్మ చెప్పులు కూడా విప్పకుండా, హాల్లో అందరూ వినేలా చెప్పేసింది. "ఆ కార్బురేటర్ పీకించేస్తున్నాను. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిస్తాను. ఎంత పెట్రోలు పొయ్యాలో కంప్యూటరే చూసుకుంటుంది. తాళం తిప్పితే లేవాలి, అంతే."

మొగుడు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పుట్టుకతోనే గోడమీద పిల్లి. అటు అన్నగారు, ఇటు పెళ్ళాం. దూకడానికి చోటెక్కడుంది?

బావగారు మెట్లు దిగి వచ్చారు. "నాన్నగారి కారుకి కంప్యూటరా? రేపు నాన్నగారి ఫొటోకి ప్యాంటు కూడా తొడిగిస్తావా?"

"తొడిగించినా మిమ్మల్ని అడిగి తొడిగించక్కర్లేదు కదా. అదీ నాకు కావలసింది."

"చూశావా అమ్మా, మాట?"

అత్తగారు టీవీ గొంతు తగ్గించారు. ఇంట్లో పోట్లాటకన్నా రుచైన సీరియల్ లేదని ఆవిడ నమ్మకం. "నాకు కార్ల సంగతి ఏం తెలుసురా," అన్నారు. అలా మొదలుపెట్టారంటే తీర్పు చెప్పబోతున్నారన్నమాట. "పెట్టించుకోనీ. కాని ఇన్నాళ్ళూ దాన్ని లేపింది నువ్వు. నీ చేతిలో కూడా లేవాలి."

బావగారు ఆ మాటని గాల్లోనే పట్టేసుకున్నారు. "అదీ! నేను కూర్చుని తాళం తిప్పుతాను. లేవలేదో, పాత కార్బురేటర్ మళ్ళీ బిగించాల్సిందే. ఆ తరవాత ఈ అమ్మాయి కారు ఊసెత్తకూడదు."

"ఎత్తను," అంది టీచరమ్మ. "ఆటోలో పోతాను."

అందరూ వినగా అన్న మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

పని ఒప్పుకున్నది గొంతు మేస్త్రి. ఇంజన్ల మధ్య బతికి బతికి, పక్కనున్న మనిషితో కూడా పక్క వీధికి వినపడేలా మాట్లాడతాడు. రేకుల షెడ్డులో కారు బానెట్ తీసేసి పెట్టుకుని, ట్యాంకులోకి కొత్త పంపు దించాడు. పొగ గొట్టానికి చిల్లి పెట్టి సెన్సర్ బిగించాడు. సీటు కింద కంప్యూటరున్న నల్ల పెట్టె పెట్టి, దానికి జడంత లావు వైర్లు అల్లాడు. బావగారు రోజూ వెళ్ళి, స్టూలు వేసుకుని కూర్చుని, ప్రతి స్క్రూకీ ఒక మాట అనేవారు.

"ఈ రెండో పైపు దేనికయ్యా?"

"మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగిపోవడానికి సార్!"

"పెట్టింది తినకుండా తిప్పి పంపిస్తుందా? మర్యాద తెలీని ఇంజన్!"

"ఇదేమో వేడి చూస్తుంది, అదేమో గాలి చూస్తుంది, ఇదిగో ఇది మీరు పెడల్ ఎంత తొక్కారో చూస్తుంది!"

"ఒక్క పెట్రోలు చుక్కకి ఇంతమంది కాపలానా?"

"ఇన్నాళ్ళూ మీరొక్కరే చూసుకున్నారుగా సార్! అందుకే ఇంతమంది కావలసొచ్చింది!" అని అరిచాడు మేస్త్రి. అతను అరిచింది కోపంతోనో అలవాటుతోనో బావగారికి తేలలేదు. కాని ఆ రోజు స్టూలు మీదనుంచి తొందరగానే లేచారు.

పీకేసిన కార్బురేటరుని ఆయన తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చి, పైన షోకేసులో కాఫీ కప్పుల పక్కన పెట్టారు. దాని కడుపులో మిగిలిన పెట్రోలు రెండు గదులకీ వాసన కొట్టింది. తోడికోడలు సరాసరి మెట్లు దిగి వచ్చింది.

"నీ మూలాన నా షోకేసు షెడ్డయిపోయింది."

"పెట్టింది నేను కాదుగా అక్కా."

"పీకింది నువ్వేగా!"

ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు పోయాయి. ఆరేసిన బట్టలమీద వాన పడుతున్నా పై వాళ్ళు కింది వాళ్ళకి చెప్పడం మానేశారు, కింది వాళ్ళు పై వాళ్ళకి కొరియరు వచ్చిందని చెప్పడం మానేశారు.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రి కారుని తనే నడుపుకొచ్చి వాకిట్లో పెట్టాడు. దగ్గు లేదు, తుమ్ము లేదు, పొగ లేదు. ఆపేసి, తాళం చెవి బావగారి చేతిలో పెట్టాడు. గోడ పక్కన ఇరుగుపొరుగు వాళ్ళు మొక్కలకి నీళ్ళు పోసే మిషతో చేరారు. అత్తగారు కుర్చీ వేయించుకున్నారు.

బావగారు అలవాటుగా బానెట్ వైపు నడిచి, అరచెయ్యి పెట్టడానికి చోటు లేదని గుర్తొచ్చి, ఆ చెయ్యి జేబులో పెట్టుకుని వచ్చి సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పారు. స్టార్టరు గిరగిరా తిరిగింది. కారు లేవలేదు.

మళ్ళీ తిప్పారు. లేవలేదు.

"ఇదేంటి!" అని మేస్త్రి ఆయన్ని దింపి, తను కూర్చుని తాళం తిప్పాడు. పిలిచినట్టు లేచింది. ఆపి దిగాడు. బావగారు కూర్చున్నారు. లేవలేదు. మేస్త్రి లోపాలు చూపించే తన చిన్న తెర తెచ్చి పెట్టెకి తగిలించి చూశాడు, "తప్పేం చూపించట్లేదే!" అని తెరమీద అరిచాడు. గోడవతల ఎవరో కిసుక్కుమన్నారు.

బావగారి మొహం వెలిగిపోయింది. కారు లేవనందుకు అంత సంతోషించిన మనిషిని ఆ వీధి అంతకుముందు చూడలేదు. "దీనికి ఇంటి మనిషి గిట్టడన్నమాట. విన్నావుగా అమ్మా. ఇక నువ్వే చెప్పు."

అత్తగారు పమిట సర్దుకున్నారు. ఆటోలో పోతానన్న మాట టీచరమ్మ చెవిలో గింగురుమంది. ఇక జీవితాంతం ఆ మెట్ల కింద నిలబడి తల ఎత్తి అడగడం కూడా ఉండదు. అడిగే హక్కే పోతుంది.

"ఒక్కసారి, చివరిసారి తిప్పండి బావగారూ," అంది.

ఆయన ఉదారంగా కూర్చున్నారు. టీచరమ్మ తెరిచిన తలుపు దగ్గర గొంతుక్కూర్చుంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు మొహాలు చూడరు. మొహం ధైర్యంగా ఉన్నా కాళ్ళు నిజం చెప్పేస్తాయి. ఆమె బావగారి కాళ్ళు చూసింది. తాళం తిప్పేముందు కుడికాలు యాక్సిలరేటరు పెడల్‌ని టపటపా తొక్కింది. తరవాత అడుక్కంటా తొక్కి, చెక్కకి మేకు దిగ్గొట్టినట్టు అలాగే పట్టుకుంది. ఇన్నేళ్ళూ అందరూ ఆయన చెయ్యి చూశారు. పని చేసింది కాలు.

"బావగారూ, కాలు తియ్యండి."

"ఏమిటీ?"

"పెడల్ మీద కాలు."

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో! పెడల్ పూర్తిగా తొక్కిపట్టి తాళం తిప్పితే, లోపల పెట్రోలు ముంచెత్తేసిందేమోనని ఆ పెట్టె పెట్రోలు ఆపేస్తుంది సార్! ఎంతసేపు తొక్కితే అంతసేపూ ఆపేస్తుంది! ఈ మాట మీకు చెప్పాలని తట్టనే లేదు!"

"నేను తొక్కకుండా కారు ఎప్పుడైనా లేచిందా?" అన్నారు బావగారు టీచరమ్మతో. "నువ్వు పుట్టకముందునుంచి తొక్కుతున్నాను. నా కాలు తియ్యమనడానికి నువ్వెవరు? నేను నీ స్కూల్లో చేరానా?"

"చేరినవాళ్ళకైతే రెండోసారి చెప్పను. దింపేస్తాను."

"అమ్మా!"

"తియ్యరా," అన్నారు అత్తగారు.

బావగారు కాలు తీశారు. తాళం తిప్పేవేళకి అది తనంతట తను మళ్ళీ వెళ్ళి పెడల్ ఎక్కింది. కారు లేవలేదు. మళ్ళీ తీశారు. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి గోడ అవతల నవ్వు దాచుకునే ప్రయత్నం కూడా మానేశారు. పాపం, ఆయన కావాలని చెయ్యడం లేదు. ఏళ్ళ తరబడి పెట్టిన కాలు ఒక్క పూటలో మాట వింటుందా?

"వాడి కాలు వాడి మాట వినదు," అన్నారు అత్తగారు. "ఒరేయ్, రెండు కాళ్ళూ సీటు మీద పెట్టుకో."

మేస్త్రి వంగి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూశాడు. బావగారు, వీధిలో అందరూ చూస్తుండగా, డ్రైవరు సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. తాళం తిప్పారు.

కారు ఆవులించనైనా లేదు, లేచి కూర్చుంది. గుమ్మంలో, పేపరు వెనకనుంచి మొగుడి గొంతు, "బాగుంది," అంది. ఏది బాగుందో మాత్రం చెప్పలేదు.

బావగారు తాళం చెవి సీటు మీద పడేసి మెట్లెక్కేశారు. ఆ రోజు కింద వాళ్ళకి పైనుంచి కుర్చీలు లాగిన చప్పుడు ఎక్కువగా వినపడింది.

ఆ తరవాత ఆయన మాట్లాడలేదు, తప్పులు మాత్రం పంపించారు. పంపు ఈగలా జుయ్యిమంటోందని తల్లి ద్వారా ఒకటి, ఇంజన్‌కి గొంతు పోయిందని తమ్ముడి ద్వారా ఒకటి. టీచరమ్మ రోజూ పొద్దున్న తాళం చెవి తీసుకుని, పైకి చూడకుండా వెళ్ళి కారు తీసేది. చూడకపోయినా తెలుస్తుంది కదా: బాల్కనీలో ఆయన నిలబడి ఉండేవారు, చెయ్యి పెట్టుకోవడానికి ఇక చోటు లేని మనిషిలాగా, అరచేత్తో కటకటాలు రుద్దుతూ. ఆమెకి జాలి వేసేది. జాలి వేసినంతమాత్రాన తాళం పైకి పంపించాలనేముంది?

అత్తగారిని క్లినిక్‌కి తీసుకెళ్ళాల్సిన ఒక పొద్దున్న, కారు స్టార్టు చేసి ఆవిడ ఎక్కేదాకా ఆగింది. అప్పుడు పైనుంచి, అంతకాలానికి మొదటిసారిగా, నేరుగా మాట వచ్చింది.

"అమ్మాయ్! ఇదేం కారు? ఎవరు పడితే వాళ్ళు తాళం తిప్పితే లేస్తుంది! దీనికంటూ ఒక మనిషి ఉండక్కర్లేదా?"

టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది.

"అందుకే బావగారూ, మీరు తిప్పినా లేస్తుంది."